లారీ ట్రిప్పు పూర్తయిందని రూట్‌కు ఎలా తెలియాలి: ఒరగడం ప్లాంటులో స్ప్లిట్, అగ్రిగేట్ కేస్ స్టడీ

చెన్నై శివార్లలో, ఒరగడం పారిశ్రామికవాడలో ఆటో విడిభాగాలు తయారుచేసే ఒక ప్లాంటు ఉంది. దాని ఈఆర్‌పీ (ప్లాంటు అమ్మకాలు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) ప్రతి 15 నిమిషాలకు ఒక డిస్పాచ్ ఫైలును ఎస్‌ఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో వేస్తుంది. ఇంటిగ్రేషన్ రూట్, అంటే ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మెసేజ్‌లను స్టెప్పులవారీగా నడిపే ప్రోగ్రాము, ఆ ఫైలును ఇన్‌వాయిస్‌లుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని జీఎస్టీ ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు, అంటే ఐఆర్‌పీకి పంపి, ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు) తెచ్చుకోవాలి. ఒక లారీలో ఎక్కే ఇన్‌వాయిస్‌లన్నింటికీ ఐఆర్‌ఎన్ వచ్చాకే గేట్ పాస్ ప్రింట్ కావాలి. ఫైలు పంపిన ఈఆర్‌పీకి కూడా ఏ ఇన్‌వాయిస్ ఏమైందో ఒక జవాబు ఫైలు వెళ్లాలి.

రూట్‌లు అపాచీ కేమెల్ 4 అనే ఇంటిగ్రేషన్ ఫ్రేమ్‌వర్క్‌లో, స్ప్రింగ్ బూట్ మీద, జావా 17తో నడుస్తాయి. మధ్యలో క్యూ కోసం యాక్టివ్‌ఎమ్‌క్యూ ఆర్టెమిస్, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్. క్యుబర్నెటిస్‌లో రెండు పాడ్‌లు, అంటే అదే ప్రోగ్రాము రెండు కాపీలుగా నడుస్తుంది. రూట్‌లు చూసుకునే టీమ్ పెరుంగుడిలో ఉంటుంది, దాదాపు అందరూ తెలుగువాళ్లే. ప్లాంటులో డిస్పాచ్ సూపర్‌వైజరుదీ సూళ్లూరుపేటే కాబట్టి సమస్య వస్తే ఫోన్ తెలుగులోనే వస్తుంది.

వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన సరఫరాదారులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఆ పరిధిలోకి వచ్చే సంస్థ ఐఆర్‌ఎన్ లేకుండా ఇచ్చే ఇన్‌వాయిస్ చట్టం దృష్టిలో ఇన్‌వాయిసే కాదు. పైగా ఈ ప్లాంటు లారీల్లో చాలావరకు తడ దాటి శ్రీసిటీ వైపు వెళ్తాయి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు కావాలి. ఒకే లారీలో చాలా ఇన్‌వాయిస్‌ల సరుకు ఉంటే వాటి ఈ-వే బిల్లులన్నీ కలిపి ఒక కన్సాలిడేటెడ్ బిల్లు తీస్తారు. అందులో ఒక్క నంబరు తగ్గినా ఆ సరుకు కాగితం లేకుండా రోడ్డెక్కినట్టే. అందుకే ఈ రూట్‌లో అసలు బరువంతా ఒక్క ప్రశ్న మీద ఉంది: ఈ ట్రిప్పుకు రావాల్సినవన్నీ వచ్చేశాయని ఎవరు చెప్పాలి?

ముక్కలు చేసే చోట, అంటే స్ప్లిట్‌లో, లెక్క తెలుస్తుంది. ముక్కలను కూర్చే చోట, అంటే అగ్రిగేటర్‌లో, తెలియదు. అగ్రిగేటర్‌తో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

పాత రూట్‌లో ఏం జరిగింది

అంతకుముందు నడుస్తున్న రూట్‌లో అగ్రిగేటర్ ట్రిప్పు నంబరును కోరిలేషన్ కీగా, అంటే ఏ మెసేజ్ ఏ గ్రూపుదో చెప్పే గుర్తుగా, తీసుకునేది. ఆ ట్రిప్పుకు ఫైలులో ఎన్ని ఇన్‌వాయిస్‌లు ఉన్నాయో ముందే లెక్కపెట్టి ఒక హెడర్‌లో పెట్టి, దాన్నే కంప్లీషన్ సైజుగా, అంటే ఎన్ని వస్తే గ్రూపు పూర్తో చెప్పే సంఖ్యగా, వాడేవారు. ఎక్కడైనా ఇరుక్కుపోతే గ్రూపు శాశ్వతంగా వేలాడకూడదని 120 సెకన్ల కంప్లీషన్ టైమౌట్ కూడా ఉండేది.

ఒక ట్రిప్పులో 7 ఇన్‌వాయిస్‌లు. ఆరింటికి వెంటనే ఐఆర్‌ఎన్ వచ్చింది. ఏడోదానికి ఐఆర్‌పీ స్పందించలేదు. కాల్‌కు రెస్పాన్స్ టైమౌట్ 30 సెకన్లు, మళ్లీ ప్రయత్నాలు 3, వాటి మధ్య ఎడం 2, 4, 8 సెకన్లు. అంటే ఒక ఇన్‌వాయిస్ తన అవకాశాలన్నీ వాడుకుంటే నాలుగు కాల్స్‌కు 120 సెకన్లు, ఎడాలకు 14 సెకన్లు, మొత్తం 134 సెకన్లు పట్టవచ్చు. కేమెల్‌లో కంప్లీషన్ టైమౌట్ అంటే ఆ గ్రూపులోకి చివరి మెసేజ్ వచ్చినప్పటి నుంచి కొత్తది ఏదీ రాకుండా గడిచిన సమయం. ఆరో ఇన్‌వాయిస్ వచ్చాక 120 సెకన్లు నిశ్శబ్దంగా గడిచాయి, గ్రూపు మూసుకుపోయింది. లాగ్‌లో పూర్తయిన కారణం దగ్గర టైమౌట్ అనీ, సైజు దగ్గర 6 అనీ ఉంది. ఆ కారణాన్ని చూడకుండానే తర్వాతి స్టెప్ గేట్ పాస్ ప్రింట్ చేసేసింది.

కొన్ని సెకన్లకు ఏడో ఇన్‌వాయిస్ ఐఆర్‌ఎన్‌తో వచ్చింది. పాత గ్రూపు అప్పటికే రిపాజిటరీలో (తెరిచి ఉన్న గ్రూపులను ఉంచే చోట) లేదు కాబట్టి అదే కీతో కొత్త గ్రూపు తెరుచుకుంది. మరో 120 సెకన్లకు అది కూడా టైమౌట్ అయి, ఒకే ఒక్క ఇన్‌వాయిస్‌తో రెండో గేట్ పాస్ వచ్చింది. సూపర్‌వైజరు గేటు దగ్గర ప్యాలెట్లు లెక్కపెట్టి లారీని ఆపి ఫోన్ చేశాడు. "అన్నా, సరుకు ఏడింటిది ఉంది, పాస్‌లో ఆరే ఉన్నాయి, ఇంకోటి విడిగా వచ్చింది. దేన్ని నమ్మాలి?"

టైమౌట్‌ను 134 సెకన్లకు మించి పెంచితే ఆ రోజు సమస్య కనబడేది కాదు. కానీ జబ్బు అది కాదు. టైమౌట్ గ్రూపును పూర్తి చేస్తుంది, మనల్ని పిలిచి అడగదు. టైమౌట్‌తో పూర్తయిన గ్రూపూ, లెక్క సరిపోయి పూర్తయిన గ్రూపూ ఒకే దారిలో కిందికి వెళ్తాయి. రెంటినీ వేరుచేసేది ఒక్క ప్రాపర్టీ, కేమెల్‌అగ్రిగేటెడ్‌కంప్లీటెడ్‌బై. దాన్ని చదవకుండా అగ్రిగేటర్ తర్వాత ఏ స్టెప్పూ రాయకూడదు.

రెండో లోపం లెక్కలోనే ఉంది. ఒక ట్రిప్పు ఇన్‌వాయిస్‌లు ఒకే ఫైలులో వస్తాయన్న హామీ లేదు. లోడింగ్ 15 నిమిషాల గీత దాటితే నాలుగు ఒక ఫైలులో, మూడు తర్వాతి ఫైలులో వస్తాయి. మొదటి ఫైలు చూసి 4 అని పెట్టుకున్న గ్రూపు నాలుగుతోనే సంతోషంగా పూర్తవుతుంది. ఈసారి టైమౌట్ కూడా లేదు, లాగ్‌లో అంతా సవ్యంగానే కనబడుతుంది. రెండింటిలో ఇదే ఎక్కువ ప్రమాదం.

ఫైలును విడదీయడం

కొత్త రూట్‌ను ఫైలు దగ్గర నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎస్‌ఎఫ్‌టీపీలో ఈఆర్‌పీ ఇంకా రాస్తున్న ఫైలును ఎత్తుకోకుండా ఉండాలంటే రీడ్‌లాక్‌ను ఛేంజ్డ్‌గా పెట్టడం ఒక మార్గం. అది ఫైలు సైజు మారడం ఆగిందా అని చూస్తుంది. అయితే ఈ ఈఆర్‌పీ విడతలు విడతలుగా రాస్తుంది, మధ్యలో ఆగుతుంది కూడా. అందుకే డన్ ఫైల్ పద్ధతి పెట్టారు. అసలు ఫైలు మొత్తం రాశాక ఈఆర్‌పీ అదే పేరు చివర ఒక గుర్తు చేర్చి ఒక ఖాళీ ఫైలు వేస్తుంది, అది కనబడేదాకా కేమెల్ అసలు ఫైలును ముట్టుకోదు.

సీఎస్‌వీని కొత్త లైను దగ్గర టోకెనైజ్ చేయడం చాలామంది వెంటనే చేసే పని. ఇక్కడ పనికిరాదు, రెండు కారణాలున్నాయి. కొనుగోలుదారు చిరునామాలో కోట్స్ మధ్య కొత్త లైను ఉండవచ్చు, అక్కడ వరుస రెండుగా తెగిపోతుంది. ఇంకోటి, ఒక ఇన్‌వాయిస్ అంటే ఒక వరుస కాదు: ఒక హెడర్ వరుస, దాని కింద ఎన్నో ఐటమ్ వరుసలు. కాబట్టి సీఎస్‌వీ డేటా ఫార్మాట్‌ను లేజీ లోడ్‌తో వాడి వరుసలను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్‌గా తీసుకుని, దాని మీద మరో చిన్న ఇటరేటర్ రాయాలి. ఇది తర్వాతి వరుసను ముందే తొంగిచూస్తుంది. ఇన్‌వాయిస్ నంబరు మారగానే అప్పటిదాకా పోగేసిన వరుసలను ఒక ఇన్‌వాయిస్‌గా ఇస్తుంది, ఫైలు అయిపోతే మిగిలినవాటిని చివరి ఇన్‌వాయిస్‌గా ఇస్తుంది. వరుసలను విడివిడిగా స్ప్లిట్ చేసి, ఇన్‌వాయిస్ నంబరు మీద అగ్రిగేట్ చేద్దామనే ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది, ఎందుకంటే చివరి ఇన్‌వాయిస్ ముగిసిందని అగ్రిగేటర్‌కు చెప్పే మరో ఇన్‌వాయిస్ వరుస దాని తర్వాత ఉండదు.

ఈ ఇటరేటర్ నమ్మేది ఒక్కటే: ఒకే ఇన్‌వాయిస్ వరుసలు పక్కపక్కనే ఉంటాయని. అది నిజమో కాదో తేల్చడానికి, పోర్టల్‌కు మొదటి కాల్ వెళ్లకముందే ఫైలును ఒకసారి మొత్తం చదివి మూడు విషయాలు చూస్తారు. ఒకసారి ముగిసిన ఇన్‌వాయిస్ నంబరు మళ్లీ కనబడకూడదు. ఫైలు చివరి వరుసలోని ఇన్‌వాయిస్‌ల సంఖ్య సరిపోవాలి. మొత్తం విలువ సరిపోవాలి. ఏది తప్పినా ఫైలు మొత్తం పక్కకు పోతుంది, ఒక్క ఇన్‌వాయిస్ కూడా పోర్టల్‌కు వెళ్లదు. ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి ఐఆర్‌ఎన్ వచ్చాక పోర్టల్‌లో దాన్ని రద్దు చేయడానికి 24 గంటలే గడువు, పైగా రద్దయిన ఇన్‌వాయిస్ నంబరును మళ్లీ వాడుకోలేం. సగం ఫైలు వెళ్లాక తప్పు దొరికితే వెనక్కి తీసుకోవడం కష్టం.

స్ప్లిట్‌లో ఇంకొన్ని చిన్న గోతులున్నాయి. మెసేజ్ బాడీలో ఉన్నది ఇటరేటరే అనుకుని స్ప్లిట్‌కు ఇస్తే, ముందు స్టెప్ ఏదో దాన్ని స్ట్రింగ్‌గా మార్చేసి ఉండవచ్చు. అప్పుడు కేమెల్ ఆ స్ట్రింగ్‌ను కామాల దగ్గర కోస్తుంది, ఎందుకంటే డిఫాల్ట్ డెలిమిటర్ కామా. ముక్కల సంఖ్య విచిత్రంగా పెరిగితే ముందు ఇదే చూడాలి. స్ట్రీమింగ్ (అంతా ఒకేసారి మెమరీలోకి తేకుండా విడదీయడం) పెట్టినప్పుడు మొత్తం ముక్కల సంఖ్య చెప్పే కేమెల్‌స్ప్లిట్‌సైజ్ చివరి ముక్క దగ్గర మాత్రమే ఉంటుంది కాబట్టి మధ్యలో దాని మీద ఏ లెక్కా కట్టకూడదు. కేమెల్‌స్ప్లిట్‌ఇండెక్స్ మాత్రం సున్నా నుంచి ప్రతి ముక్కలోనూ ఉంటుంది.

ప్యారలల్ ప్రాసెసింగ్‌కు వేరే థ్రెడ్ పూల్ ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే కేమెల్ తన డిఫాల్ట్ ప్రొఫైల్ వాడుతుంది: 10 థ్రెడ్లు, గరిష్ఠంగా 20, వెనక 1000 పనుల క్యూ. పోర్టల్ వైపు అంత వేగం అక్కర్లేదు. ఇక్కడ 8 థ్రెడ్ల పూల్ సరిపోయింది. క్యూ నిండితే పిలిచిన థ్రెడ్డే పని చేసే విధానం ఉంచారు, ఫైలు చదవడం దానంతట అదే నెమ్మదిస్తుంది. బయటి ట్రాన్సాక్షన్ ఈ థ్రెడ్లలోకి రాదన్నది గుర్తుంచుకోవాలి.

పోర్టల్ కాల్

ఐఆర్‌ఎన్ 64 అక్షరాల హ్యాష్. సరఫరాదారు జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు నంబరు), ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబరు కలిపి అది తయారవుతుంది. దీనివల్ల మళ్లీ పంపడం భయపడాల్సిన పని కాదు. మొదటి కాల్ టైమౌట్ అయినా పోర్టల్‌లో ఐఆర్‌ఎన్ తయారై ఉండవచ్చు. మళ్లీ పంపితే 2150 అనే డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది, దానితోపాటు ముందు తయారైన ఐఆర్‌ఎన్, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు కూడా వస్తాయి. అందుకే 2150ని తిరస్కరణగా కాకుండా విజయంగా మార్చి, సంతకం చేసిన క్యూఆర్‌ను విడి కాల్‌తో తెచ్చుకోవాలి. ఒక్క జాగ్రత్త: తిరిగి వచ్చిన ఐఆర్‌ఎన్‌తో తెచ్చిన వివరాల్లో విలువ మన ఇన్‌వాయిస్ విలువతో సరిపోవాలి. నంబరు ఒకటే అయి విలువ వేరైతే ఎవరో అదే నంబరును మరో అమ్మకానికి వాడారని అర్థం.

2025 జూన్ 1 నుంచి ఐఆర్‌పీ ఇన్‌వాయిస్ నంబర్లలోని చిన్న ఇంగ్లీషు అక్షరాలను పెద్ద అక్షరాలుగా మార్చుకునే ఐఆర్‌ఎన్ ఇస్తోంది. ఈఆర్‌పీలో నంబరు చివర చిన్న అక్షరం ఉంటే పంపిన కీ ఒకటి, వచ్చిన కీ ఇంకొకటి అవుతుంది. అగ్రిగేటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఇన్‌వాయిస్‌లు. ఫైలు చదివిన చోటే నంబరును పెద్ద అక్షరాల్లోకి మార్చి, ముందూ వెనకా ఖాళీలు తీసేస్తే ఈ బాధ ఉండదు.

డేటా తప్పు వల్ల వచ్చిన తిరస్కరణకు మళ్లీ ప్రయత్నం దండగ. కొనుగోలుదారు జీఎస్టీఐఎన్ తప్పయితే ఎన్నిసార్లు పంపినా అదే జవాబు వస్తుంది. కనెక్షన్ సమస్యలకూ, పోర్టల్ అంతర్గత ఎర్రర్లకూ మాత్రమే మళ్లీ ప్రయత్నించాలి. ఏది ఎలా ముగిసినా ప్రతి ఇన్‌వాయిస్ నుంచి ఒక ఫలితం బయటికి రావాలి. విజయం, తిరస్కరణ, సాంకేతిక వైఫల్యం, ఈ మూడింటిలో ఒకటి. వైఫల్యాలను వడపోసి విజయాలనే ముందుకు పంపడం పాత రూట్‌లో ఉన్న మరో లోపం. అప్పుడు కూర్చే చోట ఆ ఇన్‌వాయిస్ అసలు పుట్టనట్టే ఉంటుంది.

రెండు రకాల కూర్పు

ఈ రూట్‌లో కూర్పులు రెండు. వాటిని ఒకే పరికరంతో చేయబోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

జవాబు ఫైలు కూర్పు తేలిక. ఒక ఫైలు నుంచి విడిన ముక్కలు అదే ఫైలు జవాబుగా కలవాలి. దీనికి అగ్రిగేటర్ అక్కర్లేదు, స్ప్లిట్‌కే అగ్రిగేషన్ స్ట్రాటజీ, అంటే ఫలితాలను ఎలా కలపాలో చెప్పే కోడ్, ఇస్తే చాలు. స్ప్లిటర్‌కు తన ముక్కలన్నీ తెలుసు, అన్నీ తిరిగి వచ్చేదాకా ఆగుతుంది, టైమౌట్ ఊసే లేదు. స్ట్రాటజీ ఇవ్వకపోతే స్ప్లిట్ తర్వాత బయటికి వచ్చేది విడదీయకముందు ఉన్న అసలు మెసేజే. స్ట్రీమింగ్‌లో ఫలితాలు ముందొచ్చినవి ముందు కలుస్తాయి, ఫైలు వరుసలో కాదు. జవాబు ఫైలులో వరుస కావాలంటే స్ప్లిట్ ఇండెక్స్‌ను పట్టుకుని చివర్లో అమర్చుకోవాలి.

ఈ స్ట్రాటజీలో తప్పకుండా చూడాల్సింది ఎక్సెప్షన్. ఒక ముక్క ఎక్సెప్షన్‌తో తిరిగి వచ్చినా స్ట్రాటజీని పిలుస్తారు. మొదటి పిలుపులో పాత ఎక్స్ఛేంజ్ (అప్పటిదాకా కలిపిన మెసేజ్) నల్‌గా ఉంటుంది, అప్పుడు కొత్తదాన్నే తిరిగి ఇస్తాం. తర్వాతి పిలుపుల్లో కొత్తదాని బాడీని పాతదానికి చేర్చి పాతదాన్ని ఇస్తాం. కొత్తదానిలో ఉన్న ఎక్సెప్షన్‌ను చూడకపోతే అది అక్కడే మాయమైపోతుంది, ఫైలు సక్సెస్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. తమాషా ఏమిటంటే మొదటి ముక్కే విఫలమైతే ఫైలు మొత్తం విఫలమైనట్టు కనబడుతుంది, మధ్యలోది విఫలమైతే ఏమీ తెలియదు. ఒకే లోపం రెండు రకాలుగా కనబడటం వల్ల దీన్ని పట్టుకోవడానికి సమయం పడుతుంది.

ట్రిప్పు కూర్పు దీనికి భిన్నం. ముక్కలు వేర్వేరు ఫైళ్ల నుంచి వస్తాయి, వేర్వేరు సమయాల్లో వస్తాయి. ఇక్కడ కావాల్సింది విడిగా నిలబడే అగ్రిగేటర్. దాన్ని స్ప్లిట్ బ్లాకు లోపల పెట్టి, స్ప్లిట్ ముగిసేలోపు గేట్ పాస్ కూడా అయిపోతుందని ఆశిస్తే కుదరదు. ముక్క అగ్రిగేటర్‌లోకి చేరగానే స్ప్లిటర్ దృష్టిలో దాని పని అయిపోయింది. గ్రూపు పూర్తయ్యాక బయటికి వచ్చేది కొత్త ఎక్స్ఛేంజ్, అది తన దారిన తాను నడుస్తుంది. అందుకే కొత్త డిజైన్‌లో ప్రతి ఇన్‌వాయిస్ ఫలితం స్ప్లిట్ లోపలి నుంచి ఒక ఆర్టెమిస్ క్యూలో పడుతుంది, ట్రిప్పు రూట్ ఆ క్యూ నుంచి చదువుతుంది.

ట్రిప్పు గ్రూపు ఎప్పుడు పూర్తవుతుంది

ముందు కీ. ట్రిప్పు నంబర్లు రోజూ ఒకటి నుంచి మొదలవుతాయి. నిన్నటి 14వ ట్రిప్పు ఇంకా తెరిచి ఉంటే ఈరోజు 14వ ట్రిప్పు ఇన్‌వాయిస్‌లు అందులో చేరిపోతాయి. కాబట్టి ప్లాంటు కోడ్, ట్రిప్పు తేదీ, ట్రిప్పు నంబరు మూడూ కలిపిన కీ కావాలి. తేదీ అంటే రూట్ నడిచిన తేదీ కాదు, ట్రిప్పు షీట్‌లో ఉన్న తేదీ. రాత్రి షిఫ్టులో ఈ తేడా అర్ధరాత్రి బయటపడుతుంది.

తర్వాత లెక్క. దీన్ని ఫైలు నుంచి ఊహించడం మానేసి, తెలిసినవారినే అడగాలి. లారీలోకి ఏవి ఎక్కాయో డిస్పాచ్‌కే తెలుసు. లోడింగ్ ముగిసి సూపర్‌వైజరు ట్రిప్పు షీట్ మూయగానే ఈఆర్‌పీ ఒక ట్రిప్పు ముగింపు రికార్డు పంపుతుంది. అందులో ఇన్‌వాయిస్ నంబర్ల జాబితా, ఒక వెర్షన్ నంబరు ఉంటాయి. ఒట్టి సంఖ్య చాలదు. ప్యాలెట్ పట్టక ఒక ఇన్‌వాయిస్ దించి దాని బదులు మరొకటి ఎక్కిస్తే సంఖ్య మారదు, సరుకు మారుతుంది. అలా మార్చిన ప్రతిసారి పెరిగిన వెర్షన్‌తో కొత్త ముగింపు రికార్డు వస్తుంది.

ఈ రికార్డు కూడా అదే క్యూలోకి, అదే కీతో వస్తుంది. అగ్రిగేటర్‌కు ఇది ఒక మామూలు మెసేజే, ఇన్‌వాయిస్ ఫలితాల కంటే ముందు రావచ్చు, వెనక రావచ్చు. గ్రూపు బాడీలో రెండు భాగాలుంటాయి: ఇన్‌వాయిస్ నంబరు నుంచి ఫలితానికి ఒక మ్యాప్, రావాల్సిన నంబర్ల జాబితా. స్ట్రాటజీ చేసే పని ఇంతే. ఫలితం వస్తే మ్యాప్‌లో ఆ నంబరు దగ్గర రాస్తుంది, అయితే ఇప్పటికే విజయం ఉన్నచోట వైఫల్యాన్ని రాయదు. ముగింపు రికార్డు వస్తే, వెర్షన్ ఇప్పుడున్నదాని కంటే పెద్దదైతేనే జాబితాను మారుస్తుంది. కంప్లీషన్ ప్రెడికేట్, అంటే గ్రూపు పూర్తయిందా అని తేల్చే షరతు: జాబితా వచ్చి ఉండాలి, అందులోని ప్రతి నంబరుకూ మ్యాప్‌లో ఐఆర్‌ఎన్ ఉండాలి. ప్రెడికేట్ కలిపిన ఎక్స్ఛేంజ్ మీద నడవాలి కాబట్టి ఈగర్ చెక్ కంప్లీషన్ పెట్టకూడదు, పెడితే అప్పుడే వచ్చిన ఒక్క మెసేజ్‌ను చూసి తీర్పు చెబుతుంది.

కంప్లీషన్ సైజు ఎందుకు కాదంటే అది మెసేజ్‌లను లెక్కపెడుతుంది, ఇన్‌వాయిస్‌లను కాదు. క్యూ నుంచి ఒకే ఫలితం రెండుసార్లు వస్తే ఏడు మెసేజ్‌లలో ఆరు ఇన్‌వాయిస్‌లే ఉండవచ్చు. మ్యాప్‌లో మాత్రం డూప్లికేట్ తన పాత స్థానంలోనే కూర్చుంటుంది.

తిరస్కరణ వచ్చిన ఇన్‌వాయిస్ గ్రూపును పూర్తికానివ్వదు, అదే కావాలి. ఈలోపు ఆ తిరస్కరణ, కారణంతో సహా వేరే దారిలో వెంటనే సూపర్‌వైజరు స్క్రీన్‌కు వెళ్తుంది. నమోదు కాని ఇన్‌వాయిస్‌లో తప్పును సరిచేసి అదే నంబరుతో మళ్లీ పంపవచ్చు. తర్వాతి ఫైలులో అది వచ్చి విజయం అయితే మ్యాప్‌లో తిరస్కరణ స్థానంలో ఐఆర్‌ఎన్ పడుతుంది, గ్రూపు పూర్తవుతుంది.

కంప్లీషన్ టైమౌట్‌ను పూర్తిగా తీసేయలేదు. 12 గంటలకు పెట్టి, శుభ్రం చేయడానికి మాత్రమే ఉంచారు. టైమౌట్‌తో బయటికి వచ్చిన గ్రూపు గేట్ పాస్ వైపు వెళ్లదు, మనిషి చూడాల్సిన క్యూలోకి వెళ్తుంది. టైమౌట్ అయినవాటిని పారేసే డిస్కార్డ్ ఆప్షన్ ఇలాంటి చోట ఎప్పుడూ వాడకూడదు. ఆలస్యం గురించి హెచ్చరించే పని అగ్రిగేటర్‌ది కాదు. ప్రతి ముగింపు రికార్డూ, ప్రతి ఫలితమూ ఒక ట్రిప్పు టేబుల్‌లో కూడా పడతాయి. నిమిషానికోసారి నడిచే చిన్న టైమర్ రూట్, షీట్ మూసి 5 నిమిషాలైనా పాస్ రాని ట్రిప్పులను చూసి ఏయే నంబర్లు రాలేదో చెబుతుంది.

రెండు పాడ్‌లు, మధ్యలో ఆగిపోవడం

అగ్రిగేటర్ డిఫాల్ట్‌గా గ్రూపులను మెమరీలో ఉంచుతుంది. రెండు పాడ్‌లు ఒకే క్యూ చదివితే ఒకదానికి నాలుగు, మరోదానికి మూడు చేరి ఏ గ్రూపూ పూర్తికాదు. పైగా మెసేజ్ మెమరీ గ్రూపులో చేరగానే క్యూ దృష్టిలో దాని పని అయిపోయింది. ఆ తర్వాత పాడ్ కూలితే మెసేజ్ ఎక్కడా ఉండదు.

మొదటిదానికి మెసేజ్ గ్రూపులు. పంపేటప్పుడు జేఎంఎస్‌ఎక్స్‌గ్రూప్‌ఐడీ హెడర్‌లో ట్రిప్పు కీ పెడితే ఆర్టెమిస్ ఒక ట్రిప్పు మెసేజ్‌లన్నీ ఒకే కన్స్యూమర్‌కు, అంటే క్యూ చదివే ఒకే పాడ్‌కు, ఇస్తుంది. రెండోదానికి గ్రూపులను డేటాబేస్‌లో ఉంచే జేడీబీసీ అగ్రిగేషన్ రిపాజిటరీ. రిపాజిటరీ పేరుతో ఒక టేబుల్, అదే పేరు చివర కంప్లీటెడ్ చేర్చి ఇంకొకటి, రెండూ మనమే ముందు తయారుచేయాలి. ఐడీ, ఎక్స్ఛేంజ్, వెర్షన్ కాలమ్స్ ఉండాలి. మెసేజ్ గ్రూపులున్నా పాడ్ మారే క్షణంలో ఇద్దరూ ఒకే గ్రూపును తాకవచ్చు, అందుకే రాసేటప్పుడు వెర్షన్ మారిందా అని చూసే ఆప్టిమిస్టిక్ లాకింగ్ కూడా పెట్టి ఉంచారు. డేటాబేస్‌లో రాశాక క్యూకు అక్నాలెడ్జ్ చేసేలోపు పాడ్ కూలితే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. పైన చెప్పిన మ్యాప్ దాన్ని భరిస్తుంది.

గ్రూపు పూర్తయ్యాక అలా మళ్లీ వచ్చే ఫలితం మాత్రం కొత్త అనాథ గ్రూపును తెరుస్తుంది. పూర్తయిన కీలను మూసి ఉంచే ఆప్షన్ ఒకటి ఉంది కానీ, ఆ జ్ఞాపకం పాడ్ మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్‌తో పోతుంది. కాబట్టి అగ్రిగేటర్‌కు ముందే ట్రిప్పు టేబుల్‌లో పాస్ ప్రింట్ అయిందా అని చూసి వడపోయాలి.

సీరియలైజేషన్, అంటే గ్రూపును బైట్లుగా మార్చి దాచడం, దగ్గర రెండు దెబ్బలు తగలవచ్చు. ఈ రిపాజిటరీ డీసీరియలైజేషన్ ఫిల్టర్ డిఫాల్ట్‌గా జావా, కేమెల్ ప్యాకేజీల క్లాసులనే ఒప్పుకుంటుంది. బాడీలో మన సొంత క్లాసు పెడితే రాయడం సాఫీగా జరుగుతుంది, తిరిగి చదివేటప్పుడు తిరస్కరిస్తుంది. ఫిల్టర్‌లో మన ప్యాకేజీ చేర్చవచ్చు కానీ, రేపు ఆ క్లాసులో ఫీల్డు మారితే తెరిచి ఉన్న గ్రూపులు చదవడం కుదరకపోవచ్చు. మామూలు హ్యాష్‌మ్యాప్, స్ట్రింగులతో బాడీ ఉంటే రెండూ ఉండవు. సంతకం చేసిన ఇన్‌వాయిస్ మొత్తాన్ని గ్రూపులో మోయవద్దు, అది వేరే టేబుల్‌లో ఉండాలి. గ్రూపులో నంబరు, ఐఆర్‌ఎన్, స్థితి చాలు. ప్రతి కొత్త మెసేజ్‌కూ గ్రూపు బాడీ మొత్తం చదివి మళ్లీ రాయాలి కాబట్టి బరువు పెరిగినకొద్దీ డేటాబేస్ మీద భారం పెరుగుతుంది.

పూర్తయిన గ్రూపు రెండో టేబుల్‌లోకి మారి, గేట్ పాస్ రూట్ విజయవంతంగా ముగిశాకే అక్కడి నుంచి తొలగుతుంది. మధ్యలో విఫలమైతే 5 సెకన్లకోసారి చూసే రికవరీ దాన్ని మళ్లీ నడుపుతుంది. గరిష్ఠ రీడెలివరీల సంఖ్య, డెడ్ లెటర్ చిరునామా (చివరికీ విఫలమైనవి పడే చోటు) ఇవ్వకపోతే ఇది అంతులేకుండా సాగుతుంది. రెండు పాడ్‌లు ఉన్నచోట ఒక పాడ్ నడుపుతున్న గ్రూపును ఇంకో పాడ్ ఆగిపోయిందనుకుని మళ్లీ నడపకుండా క్లస్టర్డ్ రకం రిపాజిటరీ వాడి, రికవరీని ఇన్‌స్టాన్స్ వారీగా పెట్టాలి. ఏం చేసినా ప్రింట్ స్టెప్ రెండుసార్లు పిలిస్తే రెండు పాస్‌లు ఇవ్వకూడదు. ట్రిప్పు కీ మీద యూనిక్ కన్స్ట్రెయింట్ ఉన్న పాస్ టేబుల్‌లో ముందు వరుస చేరాలి, తర్వాత ప్రింట్. గేట్ పాస్ రూట్‌లో ఎక్సెప్షన్‌ను హ్యాండిల్డ్ అని మూసేస్తే రికవరీ దృష్టిలో అది విజయమే. ఆ ఒక్క లైను రికవరీ మొత్తాన్ని నిరర్థకం చేస్తుంది.

డిప్లాయ్‌మెంట్ సమయంలో రెండు సెట్టింగులు చూడాలి. కేమెల్ మర్యాదగా ఆగడానికి డిఫాల్ట్‌గా 45 సెకన్లు తీసుకుంటుంది, క్యుబర్నెటిస్ డిఫాల్ట్‌గా 30 సెకన్లకే పాడ్‌ను చంపేస్తుంది. పోర్టల్ కాల్ ఒక్కటే 30 సెకన్లు పట్టే చోట ఇది పొసగదు. పాడ్ గడువును 90 సెకన్లకు పెంచారు. ఆగేటప్పుడు గ్రూపులన్నిటినీ పూర్తిచేసే ఫోర్స్ కంప్లీషన్ ఆన్ స్టాప్ ఇక్కడ విషం. ప్రతి డిప్లాయ్‌మెంట్‌కూ సగం నిండిన ట్రిప్పులన్నీ బయటికి వచ్చేస్తాయి.

పరీక్షలు

అన్నీ సవ్యంగా వచ్చే పరీక్ష ఈ రూట్ గురించి ఏమీ చెప్పదు. పోర్టల్ స్థానంలో మాక్ పెట్టి ఇవి నడపాలి: ముగింపు రికార్డు అన్నిటికంటే ముందు రావడం, అన్నిటికంటే చివర రావడం, ఒక ఫలితం రెండుసార్లు రావడం, ఏడింటిలో ఒకటి 134 సెకన్లు తీసుకోవడం, ఒకే ట్రిప్పు రెండు ఫైళ్లలో విడిపోవడం, వెర్షన్ 2 వచ్చాక ఆలస్యంగా వెర్షన్ 1 రావడం, తిరస్కరణ తర్వాత సరిదిద్దిన ఇన్‌వాయిస్ రావడం, నాలుగు ఫలితాలు చేరాక పాడ్‌ను చంపడం, ప్రింటర్ లేనప్పుడు గ్రూపు పూర్తికావడం, మర్నాడు అదే ట్రిప్పు నంబరు రావడం. ప్రతి పరీక్షలోనూ చూడాల్సింది రెండే: పాస్ ఒక్కటే వచ్చిందా, అందులో జాబితాలో ఉన్నవే ఉన్నాయా. పాడ్‌ను చంపే పరీక్షను జేయూనిట్‌లో అనుకరించకుండా నిజంగా రెండు పాడ్‌లతో, నిజమైన ఆర్టెమిస్, పోస్ట్‌గ్రెస్‌తో చేయాలి. మెసేజ్ గ్రూపు ఒక కన్స్యూమర్ నుంచి మరోదానికి మారే క్షణం అక్కడే కనబడుతుంది.

ఈ పద్ధతి గంటల్లో తేలిపోయే నిరీక్షణలకు సరిపోతుంది. తిరస్కరణ సరిదిద్దడానికి రోజులు పట్టే చోట, లేదా మధ్యలో ఎవరో ఆమోదించాల్సిన చోట, గ్రూపును అగ్రిగేటర్‌లో ఉంచకుండా టేబుల్‌లో ఉంచి, ప్రతి మార్పు దగ్గరా ఒక ఎస్‌క్యూఎల్ క్వెరీతో పూర్తయిందా అని అడగడం మేలు. సూపర్‌వైజరు అందులోకి తొంగిచూడగలడు, సపోర్ట్ టీమ్ ఒక వరుసను సరిచేయగలదు. రిపాజిటరీలో బైనరీగా పడి ఉన్న ఎక్స్ఛేంజ్‌తో అది కుదరదు.